గడప ఎత్తు

మా నాన్న తుంటి విరిగి హైదరాబాదులో ఒక రిహాబ్ వార్డులో ఐదు వారాలున్నాడు. పక్క మంచం మీద ఇరవై ఆరేళ్ల పిల్లవాడు. యాదాద్రి భువనగిరి జిల్లా, కల్లుగీత వాళ్లు. వానకు నానిన తాడిచెట్టు మీద మోకు జారింది. వెన్నెముక విరిగితే వేరే ఆసుపత్రిలో రాడ్లు వేసి, తర్వాత ఇక్కడికి పంపారు. నడుము కింద కదలిక లేదు, స్పర్శ లేదు. దెబ్బతిన్న వెన్నుపూసను బట్టి అలాంటి గాయాన్ని వార్డులో డీ-పన్నెండు అంటారు. రెండో వారానికల్లా పిల్లవాడి పేరు పోయి అదే పేరైంది. "డీ-పన్నెండు టీ తాగాడా?" అని ఆయా కేకేసేది. వాడు పలికేవాడు కూడా.

నవంబరులో ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ దాటాక, వాడిని ఇంటికి ఎప్పుడు పంపాలన్నదాని మీద ఇద్దరు గంటన్నర వాదించుకున్నారు. ఒకరు ఆక్యుపేషనల్ థెరపీ మేడమ్, గుంటూరు వైపు మనిషి, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. రెండో ఆయన పదకొండేళ్ల కింద తానూ తాడి మీంచి పడ్డవాడు. నెలకోసారి చక్రాల కుర్చీలో వచ్చి కొత్తగా పడ్డవాళ్లతో కూర్చుని మాట్లాడి పోతుంటాడు. వార్డంతా ఆయన్ని అన్న అంటుంది. పిల్లవాడి భార్య టిఫిన్ గిన్నె కడుక్కొచ్చి గోడవారగా కూర్చుంది. నేను ఫ్లాస్కు పట్టుకుని వేడినీళ్ల కోసం బయల్దేరినవాణ్ణి, అక్కడే నిలబడిపోయాను. ఆ రాత్రే నాన్న మందుల ఫైలు వెనక అట్ట మీద గుర్తున్నంత రాసుకున్నాను. పేర్లు వద్దన్నారు ఇద్దరూ.

అన్న: పిల్లగాన్ని పంపుండ్రి మేడమ్. మూడు నెలలాయె.

మేడమ్: ఇంకో ఆరు వారాలు అన్నా. నేల మీద పడితే తనంతట తాను కుర్చీలోకి ఎక్కలేకపోతున్నాడు. అద్దం పెట్టుకుని రోజూ వెనక చర్మం చూసుకోమంటే సిగ్గు. ఆ అమ్మాయి చేత చూపించుకుంటున్నాడు. మూత్రం తీసే గొట్టం వేసుకునే టైము నర్సు గుర్తుచేస్తేగానీ గుర్తుండదు. ఇలా పంపిస్తే నేను పంపినట్టు కాదు, వదిలేసినట్టు.

అన్న: ఆరు వారాలంటే మీకు ఆరు కాయితాలు. ఆడ ఏమైతదో చెప్పాల్నా? కల్లు సొసైటీల ఆని వంతుకున్న చెట్లు ఇప్పుడు ఆని బాబాయి కొడుకు గీస్తున్నడు. "తమ్ముడు వచ్చేదాంక నేను చూస్త, ఆని భాగం ఆనికిస్త" అన్నడు. మంచోడే. కని ఈత సీజన్ వొచ్చె. గీ సీజన్ దాటితే "ఆని చెట్లు" కాస్త "నేను గీసే చెట్లు" అయితయి. ఇంకో ఏడైతే "నా చెట్లు." ఆని తప్పు కూడ కాదది. బావిల చెంబు ముంచి తీస్తే ఆడ గుంత మిగుల్తదా మేడమ్? చుట్టు నీళ్లొచ్చి కమ్ముకుంటయి. ఊర్ల మనిషి జాగ గూడ అంతే.

మేడమ్: చెట్టు ఎక్కలేడు కదన్నా. ఆ చెట్లు తన పేరున ఉంటే ఏంటి, పోతే ఏంటి?

అన్న: గిదే మీకు తెల్వంది. ఎక్కుడు ఒక్కటే పని కాదు. పొద్దుగాల ఎవరెన్ని కుండలు దించిన్రు, మండువకెంత పోయింది, ఎవని బాకీ ఎంత, ఇదంత కూసుండి చేసే పనే. ఆ జాగల ఇయ్యాల ఎవరన్న కూసుంటే రేపు ఈన్ని లేపరు, కూసోనియ్యరు.

(నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు మేడమ్ వాదనే నచ్చింది. నాన్నను మా మూడో అంతస్తు ఫ్లాటుకు తీసుకెళ్లే రోజు ఎంత వెనక్కి జరిగితే అంత మేలనుకుంటున్నాను. లిఫ్టు ఉంది. అయినా సరే.)

మేడమ్: సరే, మీ ఊరి సంగతి మీరు చెప్పారు, నా సంగతి వినండి. నా మూడో ఏట ఒక కుర్రాడు, ఇతనిలాగే. చెల్లెలి పెళ్లి ఉందని వాళ్ల నాన్న బతిమాలాడి తీసుకెళ్లాడు. పెళ్లిలో పొద్దుటి నుంచి రాత్రి దాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. అందరూ వచ్చి పలకరిస్తున్నారు, ఫొటోలు తీయించుకుంటున్నారు. ఒక్కసారి కూడా చేతుల మీద లేచి పిరుదుల బరువు తీయలేదు. నొప్పి తెలీదు కదా. మూడోరోజుకి చిన్న ఎర్రమచ్చ. పసుపు రాశారు. నెల తర్వాత నా దగ్గరికి తెచ్చేసరికి ఆ పుండులో నా పిడికిలి పట్టేది. అడుగున ఎముక కనబడుతోంది. ఇరవై నిమిషాలకోసారి ఒక్క అరనిమిషం లేచి ఉంటే సరిపోయేది. మీ ఊరి ప్రేమ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి చంపుతుంది అన్నా. నేను కళ్లారా చూశాను.

అన్న చాలాసేపు మాట్లాడలేదు. తన ప్యాంటు అంచు మోకాలి దాకా, ఆపైన తొడ దాకా లాగాడు. అరచేయంత మచ్చ, ముడతలు పడి, గులాబీరంగులో మెరుస్తోంది.

అన్న: ఇది అన్నం గిన్నె. ఇంటికి పోయిన నాలుగో దినం. మా అవ్వ పొయ్యి మీదికెల్లి దించి, ఆకలైతుందేమో కొడుక్కని, గిన్నె తెచ్చి నా ఒళ్లె పెట్టింది. నేను తింటున్న. వాసనొస్తే కూర మాడుతుందనుకున్న.

మేడమ్: చూశారా మరి!

అన్న: చూసిన. కని గీ ముచ్చట మీ వార్డుల ఎవరు చెప్పిన్రు? మీరు పుండు గురించి నేర్పిన్రు, గొట్టం గురించి నేర్పిన్రు. అన్నం గిన్నె గురించి నేర్పలె. ఎందుకంటే మీ కాడ అన్నం స్టీలు ట్రేల వస్తది, సల్లారి వస్తది. ఎండల నిలవెట్టిన ట్రాక్టరు సీటు, కాలిన బండ, టీ గిలాస తొడల నడుమ పెట్టుకునుడు, గివన్ని నేను కాలి నేర్చుకున్న. ఇంకో ఆరు వారాలు కాదు, ఆరేండ్లు ఉంచుకున్న గవి మీరు నేర్పలేరు.

మేడమ్: నేర్పలేమని వదిలేస్తే పాత రోజులే అన్నా. 1944లో ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్‌లో గుట్‌మన్ అనే డాక్టరు వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కోసం వార్డు తెరిచేదాకా అలాంటివాళ్లను మంచం మీద పడేసి చావు కోసం చూసేవాళ్లు. ఎక్కువమంది పుండ్లతోనో మూత్రం చీముపట్టో పోయేవాళ్లు. ఆయన పెద్ద మందేమీ కనిపెట్టలేదు. రాత్రనక పగలనక రెండు గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పించాడు. అర్ధరాత్రి తనే వార్డులోకి వచ్చి తిప్పారా లేదా అని చూసేవాడు. క్రమశిక్షణ, అంతే. ఆ క్రమశిక్షణ ఒంటికి పట్టేదాకా నేను పంపను.

అన్న: ఆయన ముచ్చట మీరే నాకు చెప్పిన్రు, పోయినసారి. సగం చెప్పిన్రు, మిగిలిన సగం నేను మీకు చెప్తున్న. తిప్పి తిప్పి బతికించినంక ఆయన ఏం చేసిండు? కట్టెపని, గడియారాల రిపేరు నేర్పిండు. 1948ల లండన్ ఒలింపిక్స్ మొదలైన దినమే, జులై 29న, పదహారుమంది చేతికి విల్లు ఇచ్చి పోటీ పెట్టిండు. ఎందుకు? బాణమేస్తే పుండు మానదు కద! తిప్పుడు సరిపోతే ఆడికే ఆపుతుండె. బతికించుడు వేరు, బతుకునిచ్చుడు వేరని ఆయనకు ఎర్కయింది.

మేడమ్: (నవ్వుతూ) నా పాఠం నాకే అప్పజెబుతున్నారు.

అన్న: ఇంకోటి గూడ. గొట్టం సంగతి. పెద్ద దవాఖానల చేతికి గ్లౌజు, స్టెరైల్ ట్రే, అంత హంగామా చేస్తరు. ఇంటికి పోయేటప్పుడు సబ్బుతోని చేతులు కడుక్కో, గొట్టం కడిగి ఆరవెట్టు, నాలుగైదు గంటలకోసారి వేసుకో అంటరు. గదెవరు చెప్పిన్రు మొదలు?

మేడమ్: ల్యాపిడెస్ అని అమెరికా డాక్టరు, 1972లో. స్టెరైల్ కానక్కర్లేదు, శుభ్రంగా ఉంటే చాలన్నాడు. బ్లాడరు పొంగేదాకా ఆపడం కన్నా మామూలు సబ్బు చేతులతో టైముకి ఖాళీ చేయడమే కిడ్నీని కాపాడుతుందని చూపించాడు. అప్పట్లో తోటివాళ్లు ఒప్పుకోలేదు.

అన్న: చూడుండ్రి మరి. దవాఖాన పద్ధతి కంటె ఇంటి సబ్బే మేలని మీవాళ్లే ఒప్పుకున్నరు. మీరింక టైల్సు నేల మీదనే ఉన్నరు.

మేడమ్: ఆ టైల్సు నేలే లేకపోతే మీరు ఇవాళ నాతో వాదించడానికి ఉండేవాళ్లా?

ఇది వినగానే నాకు లోపల చప్పట్లు కొట్టాలనిపించింది. అన్న మాత్రం చలించలేదు. కుర్చీ బ్రేకు వేసి, రెండు చేతులూ ఆన్చి, ఒళ్లు పైకి లేపి అలాగే ఉన్నాడు. అర నిమిషం. మళ్లీ మెల్లగా దిగాడు. మాట మధ్యలో ఆయన అలా లేవడం అప్పటికి రెండోసారో మూడోసారో. అది వాదనలో ఊపు అనుకున్నాను నేను. ఇరవై నిమిషాల లెక్క అని అప్పుడు తట్టింది.

అన్న: ఉండకపోదును. ఒప్పుకుంట. నేను మూడు నెలలు ఇంట్ల పడుండి, పుండుతోని వెల్లూరు పోయిన. బాగాయంల ఆర్నెల్లు. చిత్తూరోళ్లు, నెల్లూరోళ్లు, మనోళ్లు మస్తు మంది ఉండిరి. వార్డు పనికిరాదని నేనెన్నడు అన్లె.

మేడమ్: డాక్టర్ మేరీ వర్గీస్ పెట్టిన చోటు అది. 1966లో. ఆవిడా 1954లో కారు ప్రమాదంలో నడుము పడిపోయినావిడే. సర్జన్ కావాల్సిన మనిషి. తర్వాత చక్రాల కుర్చీలోంచే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. ట్రైనింగ్ అక్కర్లేదనుకుందా ఆవిడ? పెర్త్ వెళ్లి ఒంటిని చక్కబెట్టుకోవడం నేర్చుకుంది, న్యూయార్క్ వెళ్లి ఆ విద్యే చదువుకుంది. ముందు ఒళ్లు, తర్వాత లోకం.

అన్న: ఆ అమ్మ ఫొటో ఉంటది ఆడ, రోజు చూస్తుంటి. మీరు ముందు ఒళ్లు అంటున్నరు. నాకు తోచింది వేరే. పాల్ బ్రాండ్ అని ఆమె పెద్ద డాక్టరు, "ఈ చేతుల ఆపరేషన్లు కూసుండి చెయ్యొచ్చు, రా" అన్నడు. గా ఒక్క మాట అన్నోడు లేకుంటే? కోలుకున్నందుకు ఆమెకు పని దొరికిందా, పని దొరికినందుకు కోలుకున్నదా? నేను ఆర్నెల్లు ఆ ఫొటో కిందికెల్లి పోయిన, ఇగ తేల్చలే.

మేడమ్: తేలేది కాదు లెండి.

అన్న: కని ఆళ్లు ఒకటి చేస్తరు, మీరు చెయ్యరు. ఏడాదికోసారి పాతోళ్లందరిని పిలుస్తరు. రిహాబ్ మేళా అంటరు దాన్ని. కిడ్నీలు చూస్తరు, పుండ్లు చూస్తరు, ఆటలు పెడతరు. ఇంటికి పంపితే కథ ఒడిసిందనుకోరు. మీ కాడ డిశ్చార్జి కాయితం మీద సంతకం పడ్డదంటే మనిషి రికార్డుల చచ్చిపోయిండు.

మేడమ్ ఆ మాటకు జవాబివ్వలేదు. చేతిలోని ప్యాడ్ మీద పెన్నుతో అడ్డగీతలు గీస్తూ కూర్చున్నారు. ఫోను చేసి కనుక్కోవడానికి కూడా ఈ వార్డులో మనిషి లేడని తర్వాత ఆవిడే నాతో అన్నారు, లిఫ్టు దగ్గర.

మేడమ్: ఇల్లు సిద్ధంగా ఉందా అన్నా? అది చెప్పండి. ఇంటి ఫొటోలు పంపమని నెల కింద అడిగాను. వాకిట్లో కొత్త చీరలు కట్టుకుని పదిమంది నిలబడి దిగిన ఫొటో వచ్చింది. వెనకాల ఇల్లు కనబడదు.

అన్న: (గట్టిగా నవ్వి) ఫొటో అంటే మా కాడ గంతే.

మేడమ్: అరుగు రెండడుగుల ఎత్తుందట. ర్యాంపు లెక్క తెలుసుగా మీకు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. అంటే ఇరవై నాలుగడుగుల ర్యాంపు. వాకిలి పదకొండడుగులు. మిగతా పదమూడు అడుగులు ఎక్కడ వేస్తారు, ఊరి రోడ్డు మీదా? మరుగుదొడ్డి పెరట్లో ఉంది. మూడడుగుల వెడల్పు గది. కుర్చీ లోపలికే పోదు.

అన్న: ర్యాంపు గోడ పొంటి పోయి, మలిగి, మళ్ల వెనక్కొస్తది. మాది గట్లనే. కట్టెదాంక ఇద్దరు మనుషులు లేపుతరు. దొడ్డికి ప్లాస్టిక్ కుర్చీ తీస్కొని నడుమ బొక్క కొయ్యాలె, అంచుకు సైకిల్ ట్యూబు చుట్టి పైన స్పంజి కుట్టాలె, లేకుంటే ఆ అంచే కోస్తది. రెండొందలు కాదు దానికి. మీ షాపుల కమోడ్ కుర్చీ ఎంత?

మేడమ్: అది వదిలేయండి.

అన్న: ఇవన్ని చిన్నయి మేడమ్. పైసలుంటే అయితయి, లేకుంటే తిప్పలు పడి చేస్తం. మా ఇంట్ల కానిది ఒక్కటే ఉండె. గడప. నాలుగంగుళాల గడప. ర్యాంపు వేసినం, తలుపు పెద్దగ చేసినం. గడప కొయ్యనియ్యలె మా అవ్వ. "లచ్చిమి ఉండే జాగ, కోస్తవా?" అన్నది. శుక్రారం శుక్రారం పసుపు రాస్తది, బొట్లు పెడ్తది. నేను లోపటికి పోవాల్నంటే ఎవడన్న వచ్చి ముంగటి చక్రాలు ఎత్తాలె. బయటికి రావాల్నన్నా అంతే. ఎనిమిది నెలలు! నా ఇంట్లకు నేను పర్మిషన్ అడుక్కుంట పోయిన. అవ్వ నన్ను ముద్దలు పెట్టి సాకింది, రాత్రుళ్లు లేచి తిప్పింది, నా దొడ్డి ఎత్తింది. గడప మాత్రం కొయ్యనియ్యలె.

మేడమ్: ఎలా ఒప్పుకుంది చివరికి?

అన్న: ఒప్పుకోలె. ఆమెకే మోకాళ్లు పోయినయి. ఒకనాడు గడప దాటబోయి కాలు తట్టి పడ్డది. తెల్లారి వడ్లాయన్ని ఆమెనే పిలిపిచ్చింది.

ముగ్గురం నవ్వాం. గోడవార ఉన్న అమ్మాయి నవ్వలేదు.

మేడమ్: మీ కథే నా వాదనకు సాక్ష్యం. ఊరు తయారుగా లేదు. గడప కూడా తయారుగా లేదు. మరి మనిషినైనా తయారుచేసి పంపొద్దా? గడప ఎత్తును వెనక చక్రాల మీద కుర్చీ నిలబెట్టి దాటడం నేను నేర్పుతున్నాను. వీలీ అంటారు. ఇంకో నాలుగు వారాలకు వస్తుంది వాడికి. వస్తే ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

అన్న: నేర్పుండ్రి, మంచిదే. కని ఎవ్వని పర్మిషన్ అక్కర్లేకుండ బతుకుడే మీ రిపోర్టుల గొప్ప మార్కు. తనంతట తాను తానం చేసిండా, తనంతట తాను అంగీ తొడుక్కున్నడా... తనంతట తాను, తనంతట తాను. ఊర్ల ఎవడు తనంతట తాను బతుకుతడు మేడమ్? తాడెక్కెటోనికి కింద కుండ అందుకునెటోడు కావాలె. నేను పడక ముందు గూడ తనంతట తాను బతకలె. మీ కాయితంల ఒక ఖానా తక్కువున్నది: "ఈ మనిషి కాడికి ఎవరన్న పని పడి వస్తరా?" అది రాసి, పక్కకు మార్కులెయ్యుండ్రి.

మేడమ్: పెన్షన్ వస్తుంది, సదరం సర్టిఫికెట్ అయిపోయింది...

అన్న: వస్తది. మాకు 4,016. మీ ఆంధ్రల 6,000, మొత్తం మంచానికి, కుర్చీకి పడ్డోళ్లకు 15,000. మాకు గూడ పెంచితే దండం పెడ్త. కని పెన్షన్ తీస్కునుడు నెలల ఒక్కనాటి పని. మిగిలిన ఇరవై తొమ్మిది దినాలు ఏం చెయ్యాలె? నేను రెండేండ్లు వాకిట్ల కూసున్న. మొదలు నలభై దినాలు ఊరంత వొచ్చింది, అరటిపండ్లు, గ్లూకోన్-డి, అయ్యో కొడుకా. తర్వాత ఎవడు రాలె. వచ్చినోడు గూడ నా దిక్కు చూసి మెత్తగ మాట్లాడుతడు. మెత్తటి మాటంటే నాకు కడుపుల తిప్పుతుండె. నేను ఏమన్నా అవునంటరు. తప్పన్నా అవునంటరు. నవ్వుకుంట తలకాయ ఊపుతరు, పిచ్చోని ముంగట ఊపినట్టు.

మేడమ్: తర్వాత?

అన్న: మూడో ఏడు సొసైటీల లెక్కలు రాసెటాయన పట్నం పోయిండు. చదువొచ్చినోడు ఎవడు లేక నాకు ఇచ్చిన్రు. నాది ఏడో తరగతి. ఒకనాడు ఒకని ఖాతాల మూడు వందలు తప్పు రాసిన. వాడు వాకిట్లకొచ్చి బుక్కు నా ముంగట ఇసిరికొట్టి తిట్టిండు చూడుండ్రి, అమ్మ, ఆలి, ఏదీ ఇడ్వలె. మా అవ్వ ఉరికొచ్చి "పడిపోయినోన్ని తిడ్తవారా" అని వాని మీదికి పోయింది. నేను అవ్వను ఆపిన. నాకు ఎట్లున్నదంటే... మూడేండ్లల్ల మొదటిసారి ఒకడు నా మీద కోపం చేసిండు. వానికి నేను పాపపోన్ని కాను, మూడు నూర్లు తప్పు రాసినోన్ని. ఆ దినం నేను ఊర్లకు వచ్చిన మేడమ్. డిశ్చార్జి మూడేండ్ల కింద అయింది, వచ్చింది ఆ దినం.

నాన్న అటు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనే అనుకున్నాను. "తిట్టాలి, తిట్టాలి" అని గొణిగాడు.

మేడమ్: (కాసేపాగి) మంచి మాట అన్నా. కాదనను. కానీ మీరా లెక్కల పుస్తకం దాకా బతికి ఉన్నారు. మూడేళ్లు. ఆ మూడేళ్లూ మిమ్మల్ని రాత్రుళ్లు ఎవరు తిప్పారు? మీ అమ్మగారు. నా కాయితంలో ఒక గడి లేదన్నారు, మీ కథలో ఒక మనిషి ఉండీ లేదు.

అన్న నోరు తెరిచి మూశాడు. ఇద్దరూ ఒకేసారి గోడవారకు చూశారు. మూడు నెలలుగా ఆ అమ్మాయి అక్కడే ఉంది. ఫిజియో గదికి తోసుకెళ్లేది ఆమె, అద్దం పట్టేది ఆమె, రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచేది ఆమె. మంచం కింద చాప మీద పడుకుంటుంది. నేనూ ఒక్కసారి కూడా ఆమెతో మాట్లాడలేదు, ఫ్లాస్కు మూత ఇమ్మని అడగడం తప్ప.

అమ్మాయి: నన్ను అడుగుతరా?

మేడమ్: చెప్పమ్మా.

అమ్మాయి: పత్తి మొదలైంది. నేను ఏరనీకి పోకుంటే ఇల్లెట్ల గడుస్తది? రాత్రి రెండు గంటలకోసారి లేచి తిప్పి, పొద్దుగాల చేనుకెట్ల పోవాలె? అన్న అమ్మ లెక్క నేను ముసల్దాన్ని కాను, ఇంట్ల కూసునేదానికి. ఆరు వారాలు ఆగమంటే నేనాగలేను. ఇయ్యాల తోల్కపొమ్మంటే నాకు భయం. మేడమ్, బోర్ల పండుకుంటే మాటిమాటికి తిప్పుడు అక్కర్లేదంటిరి మొన్న.

మేడమ్: అవును. బోర్లా పడుకోవడం అలవాటైతే పిరుదుల మీద, తోక ఎముక మీద బరువుండదు. మోకాళ్ల దగ్గర, కాళ్ల కింద దిండ్లు సరిగ్గా పెడితే రాత్రి చాలా గంటలు ఒకే నిద్ర పోవచ్చు. మెల్లగా పెంచాలి, రోజూ పొద్దున్నే చర్మం చూసుకుంటూ.

అమ్మాయి: గది నేర్పుండ్రి. నేల మీదికెల్లి కుర్చీ ఎక్కుడు నేర్పుండ్రి. పడ్డడని చేనుకు ఫోనొస్తే నేను ఉరికి రాలేను. అద్దం సంగతి నేను చూస్త, సిగ్గు ఎట్ల పోదో. మిగిలినయి ఇంటికాడ ఆయనే నేర్చుకుంటడు. ఈ రెండిటికి ఎన్ని దినాలు?

మేడమ్: రెండు వారాలు... మూడు.

అన్న: చూసిన్రా, సగం తగ్గిచ్చింది చెల్లె!

మేడమ్: మీవైపు మాట్లాడిందనుకోకండి. ఇయ్యాల తోల్కపొమ్మంటే భయమంది కూడా.

అమ్మాయి బొడ్లో దోపుకున్న సంచీ విప్పింది. అందులోంచి డబ్బులు తీస్తుందనుకున్నాను. మడిచిన పురికొసతాడు తీసింది, దానికి అక్కడక్కడా ముడులు. మధ్యలో దసరాకు రెండు రోజులు ఊరికి పోయి వచ్చింది, అప్పుడు కొలిచిందట. టేపు లేదు ఇంట్లో. మేడమ్ జేబులోంచి టేపు తీసి బెంచీ మీద తాడు పరిచారు. కొస నుంచి మొదటి ముడి దాకా తలుపు వెడల్పు. ఇరవై ఏడు అంగుళాలు. వార్డు కుర్చీ ఇరవై ఐదు.

అన్న: అటు అంగుళం, ఇటు అంగుళం. పిడికిళ్లు గీసుకపోతయి.

మేడమ్: తలుపు రెక్క బయటికి తెరుచుకునేలా మారిస్తే ఇంకో అంగుళమున్నర వస్తుంది. బందులు మార్చడమే, ద్వారబంధం జోలికి పోనక్కర్లేదు.

రెండో ముడి మంచం ఎత్తు. కుర్చీ సీటుకన్నా నాలుగంగుళాలు తక్కువ. కింద ఇటుకలు పెట్టాలని మేడమ్ రాసుకున్నారు. మూడోది మరుగుదొడ్డి ద్వారం, ఆ అంకె చూసి ఎవరూ ఏమీ అనలేదు. దాని తర్వాత ఒకచోట ముడి వేసి విప్పేసిన గుర్తు ఉంది, పురి నలిగిపోయి, వంకరగా.

మేడమ్: ఇదేంటమ్మా?

అమ్మాయి: గడప.

అన్న: విప్పినవెందుకు?

అమ్మాయి: లేదిప్పుడు. వచ్చే దినం వడ్లాయన్ని పిలిచి తీపిచ్చిన.

అన్న కుర్చీ చక్రాల మీద రెండు చేతులూ అలాగే ఉండిపోయాయి.

అన్న: మీ అత్త?

అమ్మాయి: మాట్లాడ్తలేదు. ఫోను గూడ ఎత్తుతలేదు.

మంచం మీద పిల్లవాడు అంతసేపూ కళ్లు మూసుకునే ఉన్నాడు. ఇప్పుడు మోచేతుల మీద లేచాడు. వాడి సంగతే గంటన్నర మాట్లాడుకున్నాం గానీ వాడు నోరు విప్పడం అదే మొదలు.

"నాకు చెప్పలే."

"చెప్తే వద్దంటవని."

కాసేపటికి మళ్లీ అడిగాడు. "గా చెక్క యాడ పెట్టినవ్?"

"నీ మోకు పక్కకు," అంది. "గోడకు ఆనిచ్చి పెట్టిన."